రెండు వందల నలభై పడవలు, ఒకే నంబరు

కంటి ఆపరేషన్ కోసం పెట్టుకున్న ఆరు రోజుల సెలవు ముగించుకొని సోమవారం ఉదయం డ్యూటీకి వచ్చిన అరుణమ్మకు, తాను లేని రోజుల్లో తాను చేసిన పని ఎదురైంది.

సరుకు పంపే గదిలో రెండు వందల నలభై అట్టపెట్టెలు ఛాతీ ఎత్తున పేర్చి ఉన్నాయి. ప్రతి పెట్టె మూత మీదా నీలిరంగు వలయం, వలయం నడుమ ఏడో అంకె. ఆ ఏడు ఆమెది. పటాన్‌చెరు పక్కన పాశమైలారంలోని ఆ కర్మాగారంలో తుది తనిఖీ చేసేవాళ్లు ముగ్గురు. ఎవరి నంబరు వాళ్లది, ఎవరి ముద్ర వాళ్ల దగ్గరే ఉండాలన్నది నియమం. పంతొమ్మిదేళ్లుగా అరుణమ్మ ఆ ముద్రను చేతిరుమాలులో చుట్టి, టిఫిన్ సంచిలో వేసుకొని పటేల్‌గూడలోని ఇంటికి తీసుకుపోతున్నది, మళ్లీ తెస్తున్నది. ఆసుపత్రికి పోయినప్పుడు కూడా అది ఆ సంచిలోనే ఉంది.

ఆమె నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, వంగి చూసింది. ఆమె ముద్రలోని ఏడుకు తోక అరిగిపోయి చాలా ఏళ్లయింది. ఈ పెట్టెల మీద ప్రతి ఏడుకూ తోక నిండుగా ఉంది.

"జ్యోతీ, గివి ఎవరు కొట్టిండ్రు?"

జ్యోతి నాలుగేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చొని డబ్బాల్లోకి నంబర్లు ఎక్కించే మనిషి. "మీరే గద అక్కా" అని నవ్వబోయి, అరుణమ్మ ముఖం చూసి మానుకుంది. "ప్రభాకర్ సార్ కొత్తది చేయించిండు. బీరంగూడల జిరాక్సు దుకాణం పక్కకు స్టాంపులు చేసెటాయన లేడా, అర్ధగంటల ఇచ్చిండట. మీరు లేరని పని ఆగొద్దన్నడు."

అరుణమ్మకు కోపం రాలేదు. తాను పళ్లు తోముకునే బ్రష్షును ఎవరో నోట్లో పెట్టుకొని, కడగకుండా తిరిగి గూట్లో పెట్టారని తెలిసినప్పుడు మనిషికి కలిగేది కోపం కాదు. ఆమె చీరకొంగుకు చేతులు తుడుచుకొని, అన్నిటికన్నా అడుగు వరుసలోంచి ఒక పెట్టె లాగి, విప్పింది.

లోపల ఉన్నది అరచేతిలో పట్టేటంత తెల్ల డబ్బా. చేపలు పట్టే చిన్న పడవల తెరచాప కొయ్యకు బిగించేది. అది చేసే పని ఒక్కటే. నేను ఫలానా పడవను, ఫలానా చోట ఉన్నాను అని నిమిషానికోసారి రేడియోలో చెప్పడం. ఒడ్డున ఉన్న కేంద్రంలో తెర మీద ఆ పడవ చుక్కగా కనిపిస్తుంది. పక్కనుంచి పోయే పెద్ద ఓడకూ కనిపిస్తుంది, అది చూసి తప్పుకుంటుంది. ఆపద వస్తే నొక్కడానికి మూత కింద ఎర్ర మీట ఉంటుంది. ఏ పడవో గుర్తుపట్టడానికి తొమ్మిది అంకెల నంబరు ఒకటి, దేశంలో ఇంకో పడవకు ఉండనిది, డబ్బా లోపల ఎక్కిస్తారు. అదే నంబరు బయట స్టిక్కరు మీదా ఉంటుంది. సముద్రం ఇక్కడికి మూడు వందల కిలోమీటర్ల పైనే. దాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. కాని ఆ తొమ్మిది అంకెలు పోతే ఆ డబ్బా తెల్ల ప్లాస్టిక్ ముక్క తప్ప మరేమీ కాదని ఆమెకు తెలుసు.

స్టిక్కరు మీద చివరి మూడంకెలు 286. కేబుల్ తగిలించి లోపలి నంబరు చదివించింది. 101. ఇంకో డబ్బా విప్పింది. బయట 219, లోపల 101. మూడోది, నాలుగోది, తొమ్మిదోది. అన్నీ 101.

జ్యోతి వెనుక నిలబడి గోరు కొరుక్కుంటున్నది. "ఒక్కొక్క నంబరు ఎక్కియ్యాలంటే నాలుగు నిమిషాలు పడుతది గద అక్కా. మొదటిది మంచిగ ఎక్కించినం. తర్వాత సార్ అదే ఫైలును అన్నిట్లకు కాపీ కొట్టుమన్నడు. పది సెకండ్లల అయిపోతున్నది. నేనన్న, నంబర్లు మారవు సార్ అని. స్టిక్కర్లు మారుతయి గద అన్నడు."

"నువ్వు కొట్టినవు."

"కొట్టిన" అంది జ్యోతి. కొంచెం ఆగి, "ఇగ కొట్టక ఏం జేస్త?"

ప్రొడక్షన్ మేనేజరు ప్రభాకర్ తన గదిలో ఫోన్‌లో బిరియానీ చెప్తున్నాడు. కొనే సంస్థ తరఫున సరుకు పరీక్షించి సంతకం పెట్టే అధికారి ఆ మధ్యాహ్నం కోస్తా నుంచి వస్తున్నాడు. లెగ్ పీసులు ఎక్కువ పెట్టాలని, మిర్చీకా సాలన్ విడిగా కట్టాలని, పెరుగు పుల్లగా ఉంటే వాపసు పంపుతానని అతడు వివరంగా చెప్పాడు. ఆ వివరంలో నాలుగోవంతు ఆ డబ్బాల మీద పెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"సార్, నా ముద్ర ఇంకోటి చేయించిండ్రట."

"నీ మేలుకే అరుణమ్మా. కన్ను పరేషాన్‌ల ఉన్నవ్, నీ మీద బరువెందుకని."

"డబ్బాలన్నిట్ల నూట ఒకటే ఉన్నది."

"స్టిక్కర్ల మీద?"

"స్టిక్కర్లు సరిగ్గనే ఉన్నయి."

"మరింకేంది? కాగితంల స్టిక్కర్ నంబరే రాస్తరు. నేను వేరుగ తీసిపెట్టిన డబ్బా ఒక్కటి చూస్తడాయన. అది అసలుది."

"నీళ్లల్ల స్టిక్కర్ ఎవరు చదువుతరు సార్?"

ప్రభాకర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "నువ్వెప్పుడన్న సముద్రం చూసినవా?"

"చూడలే."

"నేను చూసిన. గోవ పోయిన. ఎంత ఉంటదో తెలుసా? గంత సముద్రంల రెండు పడవలు ఒక్కటేసారి మునుగుతయా? ఊకె భయపెడుతవ్."

"ఒక్కటి మునిగితే చాలు సార్. మిగిలిన రెండు వందల ముప్పై తొమ్మిది డబ్బాలు దాని నంబరు మీదనే, నేను మంచిగున్న, ఒడ్డుకున్న అని చెప్తయి. ఎతికెటోడు యాడ ఎతకాలె?"

ప్రభాకర్‌కు అర్థం కాకపోలేదు. తర్వాత గోడ గడియారం చూశాడు. "నాలుగు నిమిషాలు ఇంటు రెండు వందల నలభై. పదహారు గంటలు. లారీ సాయంత్రం ఐదుకు. నువ్వే చెప్పు." ఆమె ఏమీ చెప్పకముందే ఫోన్ తీసి, సాలన్ సంగతి మరోసారి గుర్తుచేశాడు.

అధికారి పేరు బాపిరాజు. ఇస్త్రీ చొక్కా, చేతికి రెండు ఉంగరాలు, నెమ్మదైన మాట. అతిథి గదిలో వాళ్లు భోంచేస్తున్నంతసేపూ అరుణమ్మ డాబా మీద పని చేసింది. ప్రభాకర్ వేరుగా తీసిపెట్టిన డబ్బాను తాకలేదు. అడుగు వరుసల్లోంచి తానే పన్నెండు డబ్బాలు తెచ్చి, ఎండలో బల్ల మీద వరుసగా పెట్టి, తీగలు కలిపి, అన్నిటినీ ఒకేసారి ఆన్ చేసింది. పక్కన పరీక్ష రిసీవరు, దాని తెర.

తిన్నవాళ్లు పైకి వచ్చారు. డాబా మీదినుంచి దూరంగా చెరువు కనిపిస్తుంది, అంచు పొడుగునా సబ్బునురగ లాంటిది తేలుతూ.

"చేపలుంటాయాండీ అందులో?" అన్నాడు బాపిరాజు, విజిటింగ్ కార్డు మూలతో పళ్ల సందున ఇరుక్కున్న పీచు తీసుకుంటూ.

"ఉంటయి సార్. ఎవరు తినరు" అన్నాడు ప్రభాకర్, అదొక స్థానిక విశేషమైనట్టు.

బాపిరాజు తెర వైపు వంగాడు. ఆ తెరలో సముద్రపు పటమే ఉంటుంది కాబట్టి పటాన్‌చెరు చోట వట్టి తెలుపు. ఆ తెలుపు మధ్య ఒకే ఒక్క పడవ గుర్తు. పక్కన పన్నెండు వరుసలు ఉండవలసిన పట్టికలో ఒకే వరుస. చివర 101.

"పన్నెండు పెట్టారు కదమ్మా, ఒకటే కనపడతందేంటి?"

ప్రభాకర్ ముందుకొచ్చాడు. "రిసీవరు పాతది సార్. ఇగ మా అరుణమ్మకు మొన్ననే కన్ను ఆపరేషన్ అయింది. ఆమెకు అన్నీ ఒక్కటే కనిపిస్తయి." తన హాస్యానికి తానే నవ్వాడు.

"నాకు ఒక్కటే కనిపిస్తున్నది, నిజమే. సార్ కండ్లు మంచిగనే ఉన్నయి గద, ఆయన్ని లెక్కపెట్టనియ్యండ్రి" అంది అరుణమ్మ. పిట్టగోడ దగ్గరికి పోయి కిందికి చేయి ఊపింది. ముందే చెప్పి ఉంచినట్టుగా జ్యోతి ఆన్ చేసిన ఒక డబ్బాతో గేటు వైపు, ఇంకో మనిషి మరో డబ్బాతో వెనుక షెడ్డు వైపు నడిచారు. కాసేపటికి తెర మీది పడవ డాబా నుంచి గేటు దగ్గరికి దూకింది. అక్కణ్నుంచి షెడ్డుకు. మళ్లీ డాబాకు. ఏ పడవా అలా పోదు. నీళ్ల మీదా పోదు, నేల మీదా పోదు.

ప్రభాకర్ నవ్వు ఆపాడు. బాపిరాజు కార్డు మూలను నోట్లోంచి తీశాడు. అది అలా దూకడం అతడు ఐదు సార్లు చూశాడు, అరుణమ్మ లెక్కపెట్టింది. అతనికి పూర్తిగా అర్థమైంది. తీరంలో పుట్టి పెరిగినవాడు, తెల్లవారుజామున వెళ్లిన పడవ కోసం ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్లను చిన్నప్పటి నుంచీ చూసి ఉంటాడు. అతని ముఖంలో ఒక్క క్షణం మనిషి కనిపించాడు కూడా. తర్వాత ఆ మనిషి, తిన్న తిండి బరువుకు కాబోలు, మళ్లీ లోపలికి దిగిపోయాడు.

"మా వాళ్లు వీటిని ఆన్ చేస్తారనుకుంటున్నారా అమ్మా మీరు? బ్యాటరీ పీకి ఇంట్లో లైటు పెట్టుకుంటారు" అన్నాడు బాపిరాజు దయగా. ప్రభాకర్ వైపు తిరిగి, "కాగితంలో నంబరు, స్టిక్కరు నంబరు ఒకటే కదండీ?"

"ఒక్కటే సార్, పక్కా."

"ఇంకేం. అన్నట్టు కంది దగ్గర రోడ్డు మీద జామకాయలు బాగుంటాయంటగా? ఓసారి అటు తిప్పమనండి. మా ఇంటావిడకి ఇష్టం. కాయ నొక్కి చూసి మరీ తీసుకోవాలండోయ్, పైకి బాగుంటాయి, లోపల పురుగుంటది."

పురుగు సంగతి అంత బాగా తెలిసిన మనిషి మెట్లు దిగిపోతుంటే, అరుణమ్మ డబ్బాలను ఒక్కొక్కటిగా ఆపి, తీగలు విప్పింది. ఆమె ఉదయం నుంచి ఏమీ తినలేదు. మెట్ల మీద బిరియానీ వాసన.

కింద ఒప్పుదల కాగితం మీద బాపిరాజు సంతకం చేసి కారెక్కాడు. దాని మీద తుది తనిఖీ ముద్ర ఒకటి మిగిలింది.

"గీ ఒక్కటి నీ చేత్తోని కొట్టు అరుణమ్మా. అసలు ముద్ర అసలు కాగితం మీద ఉంటె మర్యాద."

"కొట్ట."

"కొట్టవా?"

"కొట్ట సార్. కావాలంటె ఈ పదహారు గంటలు కూసుంట, జ్యోతిని కూసోబెడుత, అన్ని నంబర్లు ఎక్కిస్త. లారీని రేపు పంపుండ్రి. అప్పుడు కొడుత."

ప్రభాకర్ నిట్టూర్చి, సొరుగు లాగి, కొత్త ముద్ర తీసి, ఆమె చూస్తుండగానే కాగితం మీద కొట్టాడు. నిండైన తోకతో ఏడు. "అయిపాయె. పోయి కంట్ల మందేసుకో. జల్దీ ఇంటికి పో ఇయ్యాల."

ఇంతకాలం తన ఒప్పుకోలు లేకుండా అక్కడినుంచి ఒక్క పెట్టె కదలదని ఆమె నమ్మింది. ఆ నమ్మకం ఖరీదు బీరంగూడలో అర్ధగంట. ఆమె బల్ల దగ్గరికి వచ్చి, చేతిరుమాలు విప్పి, తన ముద్రను చూసింది, మళ్లీ చుట్టింది. బల్ల మీద తనిఖీ వాళ్లకిచ్చే పంపిణీ పట్టిక నకలు ఉంది. డబ్బా నంబరు, పడవ యజమాని పేరు, ఊరు, ఫోన్ నంబరు, చివరి గడిలో 'అందినట్టు సంతకం' అని ఖాళీ. ఆరు పేజీలు.

ఆ ఖాళీ గడులను ఆమె చాలాసేపు చూసింది. అవి నిండేదాకా సరుకు అందినట్టు కాదు.

నాలుగున్నరకు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకొని, గేటు దాటి, షిఫ్టు బస్సు ఆగే చోట సిమెంటు దిమ్మె మీద కూర్చుంది. పట్టికలో మొదటి పేరు నూకరాజు, 101. అతని డబ్బా ఒక్కటే నిజం చెప్తుంది. రెండో పేరు సోమయ్య, 102. ఆపరేషన్ చేయని కుడికన్ను దగ్గరగా పెట్టి అంకెలు నొక్కింది.

"ఎవరండీ?" వెనుక పిల్లల అరుపులు, గాలి మోత.

"సోమయ్య గారా? పటాన్‌చెరు దిక్కు నుంచి మాట్లాడుతున్న. మీ పడవకు డబ్బా వస్తది, తెల్లది. దాన్ల మీ నంబరు లేదు."

"మాకొద్దమ్మా, లోన్లేం వద్దు."

"లోన్ కాదయ్యా. పడవ యాడున్నదో చెప్పే డబ్బా. ఎర్ర మీట ఉంటది గద."

"ఓ, అదా. ఇస్తారన్నారు. ఏవైందండీ?"

ఆమె చెప్పింది. పొదుపుగా, ఒక్క మాట ఎక్కువ లేకుండా. సోమయ్య పిల్లలను అరవొద్దని గదమాయించాడు.

"అంటే అమ్మా, నేను మునిగితే ఎవరు మునిగినట్టు కనపడతాదండీ?"

"నూకరాజు అని ఉన్నది ఈడ."

"ఆడు మా ఈదోడే" అన్నాడు సోమయ్య. "ఆడేమో ఇంటికాడ భోంచేస్తా ఉంటాడు. కేంద్రంవోళ్లు ఆడికి ఫోన్ చేస్తే, నేను బాగానే ఉన్నానంటాడు. పెట్టేస్తారు."

"అంతే."

"మరి మమ్మల్నేం చెయ్యమంటారండీ?"

"సంతకం పెట్టకుండ్రి. డబ్బా ఇచ్చెటోని ముందట నీది, పక్క పడవది, రెండు కలిపి ఆన్ చెయ్యుమను. ఒడ్డుమీది కేంద్రంల తెర మీద ఒక్కటే కనిపిస్తె ఒక్కలు గూడ తీసుకోకుండ్రి. మీ వీధిల అందరికి చెప్పు."

"మీరెవరమ్మా?"

"పెట్టె మీద ఏడు నంబరు ముద్ర ఉంటది. అది నాది. నేను కొట్టలేదు."

లారీ గేటు దాటి బయటికి వచ్చింది. దుమ్ము ఆమె మీదా, కాగితాల మీదా పడింది. ఆపరేషన్ చేసిన కంట్లో దుమ్ము పడకూడదని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చి, నల్లకళ్లద్దాలు దించుకుంది. లారీ మలుపు తిరిగేదాకా అలాగే కూర్చుంది. తర్వాత అద్దాలు మళ్లీ పైకి నెట్టి, 102 పక్కన చిన్న గీత పెట్టి, మూడో నంబరు నొక్కింది.