బియ్యం డబ్బాలో గేటు పిడి

నిండుగా ఉన్నదేదీ ఆమె భర్త కంటికి నచ్చదు. గ్లాసు నిండా మంచినీళ్లిస్తే రెండు గుక్కలు వంపేసి మరీ తాగుతాడు. బకెట్టు నిండితే ఓ చెంబెడు పారబోస్తే గాని స్నానం మొదలెట్టడు. వరద ఆపడానికి తవ్విన చెరువుకు పాతికేళ్లుగా గేటు మనిషి మరి. ఆ బుద్ధి ఇంటిదాకా పాకింది.

ఆ శనివారం భోజనానికి వస్తూనే, "కొండల మీద మబ్బు కమ్మింది. సాయంత్రం చెరువు నాలుగడుగులు దించేస్తా," అన్నాడు.

ఆమె కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలేసింది. మర్నాడే తమ్ముడు అదే చెరువులో వేసవి షికారు పడవలు మొదలుపెడుతున్నాడు. నీళ్లు దిగితే పన్నెండు పడవలూ బురదలో చతికిలబడతాయి.

"ఒక్క ఆదివారం ఆగలేరా?"

"వాన మీ తమ్ముణ్ణి అడిగి వస్తుందా?"

గేటు తిప్పే ఇనప పిడి ఒకటే ఉంది. ఎవరూ ముట్టకుండా ఆయన దాన్ని వెంటే తెచ్చుకుంటాడు. ఆయన కునుకు తీస్తుండగా ఆమె దాన్ని బియ్యం డబ్బాలో అడుగుకంటా దూర్చేసింది. సాయంత్రం ఆయన ఇల్లంతా వెతికితే, "ఏ గట్టు మీదో మర్చిపోయుంటారు," అంది, మొహం తిప్పుకుని.

ఆదివారం ఎండ పెళ్లున కాసింది. పడవల నిండా జనం. తమ్ముడు గాల్లో తేలిపోతున్నాడు. ఆమెకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున రేవులో ఏడు మెట్లు పొడిగా ఉన్నాయి. పదింటికి ఐదు. మరో గంటకి మూడు. నీళ్లు ఎర్రబడి, చెత్త కొట్టుకొస్తోంది. కట్ట దిగువన వాళ్ల వీధి కప్పులన్నీ కనిపిస్తున్నాయి.

ఆయన గేటు దగ్గర పానాతో కుస్తీ పడుతున్నాడు. "పైన కొండల్లో తెల్లవారుజాము నుంచి కుండపోతట! పడవలు ఖాళీ చేయించరా!" అని బావమరిదిని కేకేశాడు.

ఆమె ఇంటికి పరుగెత్తింది. రొప్పుతూ తిరిగొచ్చి, పిడి ఆయన చేతికిచ్చింది. ఆయన గబుక్కున అందుకుని, బిగించి తిప్పాడు. గేటు మూలుగుతూ లేచింది. నీళ్లు ఆఖరి మెట్టు కింద చాలాసేపు తారట్లాడి, ఆగాయి.

అప్పుడు చూసుకున్నాడు అరచేయి. "ఈ బియ్యం గింజలెక్కడివి?"

పడవలు ఖాళీ చేయించి వచ్చిన తమ్ముడు అక్క మొహం చూశాడు. "ఎలుకలై ఉంటాయి బావా. ఈమధ్య ఏదిపడితే అది ఈడ్చుకుపోతున్నాయి."

"నోర్ముయ్ రా," అంది ఆమె. "ఎలుకా లేదు, పిల్లీ లేదు. నేనే దాచానండీ. తప్పు నాదే."