అద్దానికి అంటించిన కాగితం

ఆ మరమగ్గాల షెడ్డులో నలభై మంది పనిచేస్తారు. అంటే ఎనభై చెవులు. యజమాని బల్లమీది కాగితాల ప్రకారం ఎనభైకి ఎనభై నిక్షేపంలా ఉన్నాయి.

"ఇంకా నీ గోలేంటమ్మా?" అంటూ ఆ కాగితాల కట్టని, షెడ్డులో అందరూ పెద్దక్క అని పిలిచే నేతపనావిడ ముందుకి తోశాడు యజమాని. "చెవుల్లోకి బిరడాలంటావు. మగ్గాలకి చప్పుడు ఆపే తొడుగులంటావు. రెండు గంటలకోసారి మనుషుల్ని మార్చమంటావు. దేనికి? ఏటా చెవుల పరీక్ష చేయిస్తున్నా, పదకొండేళ్ళుగా అందరూ పాసు. మీ చెవులే నా తరఫున సాక్ష్యం చెబుతుంటే నేనెందుకు మార్చాలి?"

మేస్త్రీలని సైతం గడగడలాడించే పెద్దక్క నోరు మూతపడటం షెడ్డు పుట్టాక అదే మొదలు. ఎందుకు పడదు? ఆ పాసులన్నీ ఆవిడ పుణ్యమే మరి.

పదకొండేళ్ళ కిందట ఒక ముసలి నేతగాడు ఆ పరీక్ష తప్పాడు. మర్నాడే ఆయన్ని మగ్గం దగ్గర్నుంచి తీసి వాకిలి ఊడవడానికి వేశారు. అప్పుడు పెద్దక్కే కిటుకు కనిపెట్టింది. పరీక్ష గది అంటే ప్యాకింగు హాల్లో ఓ మూల నిలబెట్టే చెక్క డబ్బా. లోపల ఒక కుర్చీ, ఎదురుగా అద్దం. అద్దం అవతల కూర్చున్నవాళ్ళు మీట నొక్కితే లోపలున్నవాళ్ళ చెవిలో సన్నగా కూత వస్తుంది. వినపడితే చేతిలో బటన్ నొక్కాలి, బయట బల్బు వెలుగుతుంది. పరీక్ష చేయడానికి ఎవరొచ్చినా సరే, మీట నొక్కేటప్పుడు కుడిభుజం రవ్వంత కిందికి దిగుతుంది. ఆ భుజం చూసి నొక్కితే చాలు, చెవులతో పనేముంది?

కొత్తగా చేరినవాళ్ళకి తెగిన పోగు ముడేయడం కంటే ముందు ఇది నేర్పేది పెద్దక్క. నిరుడు ఒకాయన మరీ శ్రద్ధగా చూసి, పరీక్ష చేసే అమ్మాయి దోమ కుట్టి భుజం గోక్కున్నా బటన్ నొక్కాడు. ఆ ముచ్చట చెప్పుకుని నెల్లాళ్ళు నవ్వుకున్నారు. ఇప్పుడు పెద్దక్కకి ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. తన వేలితో తన కన్నే కాదు, నలభై మంది కళ్ళూ పొడిచింది.

ఈ ఏటి పరీక్షకి ముందురోజు టీ వేళ ఆవిడ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. "రేపు భుజం చూడకండి. వినపడితేనే నొక్కండి. చెవులు పోతున్నాయని కాగితం మీద పడితేనే బిరడాలు అడగ్గలం. మీ కాళ్ళు పట్టుకుంటా."

"మాకేం చెవుడు లేదు పెద్దక్కా," అన్నాడు ఓ నేతగాడు. "చేరిన కొత్తలో చెవుల్లో జోరీగలు తిరిగేవి. తర్వాత అలవాటైపోయింది."

"అలవాటు కాదురా దద్దమ్మా, చెవి చస్తోంది! అరికాలికి కాయ కాసినట్టు చెవికి కాయదు. లోపల నూగులాంటిదేదో ఉంటుందట, రాలితే మళ్ళీ మొలవదట. డాక్టరుని అడిగొచ్చా."

"రాలిపోయాక ఇక బిరడాలెందుకు?"

"మిగిలింది మిగుల్చుకోడానికి! జుట్టు సగం ఊడిందని మిగతా సగం పీక్కుంటావా?"

అందరూ ఆ నేతగాడి బట్టతల చూసి నవ్వారు. నవ్వి లేచిపోయారు. గోడకి చెప్పుకున్నా బాగుండేది. అసలు ఈ షెడ్డులో పెదాలు చూసే మాట్లాడుకుంటారు. అందుకే ఎవరి చెవుడు వాళ్ళకి తెలియదు.

అందరికంటే మొండిది సొంత చెల్లెలు. పంతొమ్మిదేళ్ళకి పక్క మగ్గం మీద చేరింది, ఇప్పుడు ముప్ఫై. పెద్దక్కే వేలుపట్టుకుని తీసుకొచ్చింది. ఇప్పుడు చంటిది పక్కగదిలో గుక్కపట్టి ఏడ్చినా ఆ తల్లికి వినపడదు. పొరుగావిడ వచ్చి తలుపు బాదాలి.

"నువ్వయినా నా మాట వినవే."

"నాకు బాగానే వినపడుతుంది. రేపు నన్ను చీపురు పట్టమంటే నా ఇల్లు నువ్వు నడుపుతావా?"

"చెవులు పోయాక ఎలా నడుపుతావే?"

"ఆ కిటుకు నేర్పింది నువ్వు. ఇప్పుడు నీతులు చెప్పేదీ నువ్వే. ఊరుకో అక్కా."

మర్నాడు పొద్దున్నే, మగ్గాలు మొదలవకముందే పరీక్ష పెట్టారు. వరసలో మొదట పెద్దక్క నిలబడింది. డబ్బాలోకి వెళ్ళగానే కుర్చీని గోడవైపు తిప్పేసింది. తలుపు మూశారు. అంత నిశ్శబ్దం ఆవిడ ఎన్నడూ ఎరగదు. అది నిశ్శబ్దమూ కాదు. తన చెవుల్లోనే ఎక్కడో ఒక సన్నని రొద, ఆగకుండా. దాని మీదుగా నాలుగైదు బొంగురు కూతలు వినపడ్డాయి. నొక్కింది. తర్వాత ఏమీ లేదు. ఎదురుచూస్తూ కూర్చుంది.

పరీక్ష చేసే అమ్మాయి కాగితం చేతికిచ్చింది. గీత కొంతదూరం తిన్నగా నడిచి ఒక్కసారిగా బావిలో పడింది.

"మాట వినపడుతుంది కానీ ఏమన్నారో తెలియదు, అవునా?" అంది అమ్మాయి గట్టిగా.

"ఇంట్లో అందరూ నోట్లోనే గొణుక్కుంటారని పదేళ్ళుగా తిడుతున్నానమ్మా."

మేస్త్రీ ఇకిలించాడు. "చీపురు తెప్పించనా పెద్దక్కా?"

"తెప్పించు. ముందు నీ నోరు ఊడుస్తా."

తర్వాత చెల్లెలు. లోపలికెళ్ళి కుర్చీని మళ్ళీ అద్దంవైపు లాక్కుంది. అక్క వంక చూడకుండా, చూపు అమ్మాయి భుజానికి గుచ్చి కూర్చుంది. పెద్దక్కకి ఇక తిక్క రేగింది. ప్యాకింగు బల్లమీది టేపు చుట్ట లాగి, తన కాగితాన్ని అద్దానికి అడ్డంగా అంటించేసింది. లోపల్నుంచి చెల్లెలు అద్దం మీద దబదబా బాదింది.

"ఇదేంటి?" అంది అమ్మాయి.

"కానివ్వమ్మా. ఇప్పుడు చెయ్యి పరీక్ష."

అమ్మాయికి అర్థమయింది. మీట నొక్కింది. బల్బు వెలిగింది. మళ్ళీ నొక్కింది, వెలిగింది. మూడోసారి వెలగలేదు. ఇంకొంచెం పెంచి నొక్కింది, వెలగలేదు. పెద్దక్క కోరుకుంది ఇదే. కానీ నొక్కిన ప్రతిసారీ ఆవిడ పళ్ళు బిగపట్టి ఆ బల్బుని చూస్తూ, వెలగవే, ఒక్కసారి వెలుగు అనుకుంది. ముప్ఫై ఏళ్ళ పిల్ల.

చెల్లెలు బయటికొచ్చి కాగితం చూసుకుంది. "నీకు సంతోషమేనా?" అని అక్కని కడిగేసి, పోయి బెంచీ మీద కూర్చుంది. అద్దం మీది కాగితం మాత్రం పీకలేదు.

తర్వాతివాడు పీకబోయాడు.

"ఉండనీరా!" అని అరిచింది చెల్లెలు. "మేమిద్దరమే ఊడవాలా? వాకిలి అంత పెద్దదా?"

వరసలో ఎవరో లెక్క వేశారు. ఇద్దరు తప్పితే ఇద్దరి చేతికీ చీపురిస్తాడు. ఇరవై మంది తప్పితే మగ్గాలు ఎవరు ఆడిస్తారు, యజమాని తాతా?

అందరి పరీక్షా అయ్యేసరికి పంతొమ్మిది మంది తప్పారు. మిగతా ఇరవైఒక్కరు కాగితం వారగా మెడలు సాచి మళ్ళీ ఆ భుజాన్నే చూశారు. వాళ్ళకి పిల్లి నడిచినా వినపడుతుందట. వెధవలు. పెద్దక్క అందరినీ పేరుపేరునా తిట్టి, పంతొమ్మిది కాగితాలూ పట్టుకుని యజమాని గది మెట్లెక్కింది. తప్పినవాళ్ళంతా వెనక నడిచారు. చెల్లెలు అక్కతో ఇంకా మాట్లాడటం లేదు. కానీ ఆవిడ కంటే రెండు మెట్లు ముందే ఎక్కి, తలుపు కొట్టింది.