పొయ్యి గట్టు మీద లాప్‌టాప్

లాప్‌టాప్ మూత పడలేదు. ఒక కన్ను పాలగిన్నె మీదే ఉంచి ఆమె మళ్లీ నొక్కి చూసింది. వేలు పెట్టి జరిపే పలక పొక్కులా పైకి లేచి ఉంది.

"ఏదైనా బరువు పెట్టు, అదే సర్దుకుంటుంది" అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. ఆ ఇంట్లో ఏది కుదరకపోయినా ఆయన చెప్పే వైద్యం అదొక్కటే. ఆమె కూడా, బుద్ధి గడ్డి తిని, పిండి డబ్బా ఎత్తి దాని మీద పెట్టింది. తెల్లారేసరికి పలక ఇంకాస్త లేచింది.

"పోనీ మానేయరాదూ? ఇంట్లో కూర్చుని చేసే పనేగా, ఎందుకొచ్చిన తలనొప్పి" అన్నాడాయన. ప్రేమగానే అన్నాడు. చెవులు వినపడని పిల్లల కోసం వీడియో పాఠాల కింద మాటలు రాయడం ఆమె పని. టీచరు నవ్వితే అది కూడా రాయమని ఆ పిల్లలే ఒకసారి కబురు పెట్టారు. అప్పటినుంచి ఏ నవ్వునూ వదల్లేదు. మానేస్తే ఆ పిల్లలకు నవ్వెవరు చెబుతారు? అసలు రోజంతటిలో తనదంటూ మిగిలేది ఆ కాసేపేనని ఈ మనిషికి ఎలా చెప్పడం? లాప్‌టాప్‌ని సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

రిపేరు షాపులో అమ్మాయి చూడగానే అడిగింది. "దీన్ని నొక్కారా?"

"పిండి డబ్బా పెట్టాను."

"అమ్మ తల్లీ! లోపల బ్యాటరీ ఉబ్బిందండీ. నొక్కినా గుచ్చినా భగ్గుమంటుంది. ఇలా కనబడితే వెంటనే ఆపేసి, చార్జింగ్ పెట్టకుండా తెచ్చేయాలి."

మరలు విప్పి, ప్లాస్టిక్ పుల్లతో బ్యాటరీని వంగకుండా లేపి, ఇసుక పోసిన డబ్బాలో పెట్టింది. చెత్తలో వేయకూడదట, పాతవి తీసుకునేవాళ్లకే ఇవ్వాలట. అదే మోడల్‌ది కొత్తది బిగిస్తూ, "ఇంతకీ ఎక్కడ పెట్టి పనిచేస్తారు?" అంది.

"వంటింట్లో, పొయ్యి పక్కన గట్టు మీద. వంట కూడా చూసుకోవచ్చని."

"ఆ వేడికి ఎలా తట్టుకుంటుందండీ పాపం? అక్కడే పెడితే కొత్తదీ ఉబ్బుతుంది."

దారి పొడుగునా ఆ 'పాపం' ఆమెను వదల్లేదు. అదే పొయ్యి ముందు ఆమె కూడా నిలబడుతుంది, కొత్త కోడలిగా వచ్చినప్పటినుంచీ. ఒక్కరైనా ఆ మాట అన్నారా? కళ్లు చెమర్చాయి. బ్యాటరీ మీద కూడా అసూయపడే రోజొచ్చిందని నవ్వూ వచ్చింది.

ఇంటికొచ్చి, హాల్లో ఫ్యాను కింద ఉన్న భర్త టేబుల్ మీది పేపర్లన్నీ దొంతిగా పేర్చి కింద పెట్టింది. లాప్‌టాప్ అక్కడ తెరిచింది.

"అదేంటోయ్, నా టేబుల్?"

"దీనికి వేడి తగలకూడదట. ఇకనుంచి ఇక్కడే."

"మరి పొయ్యి దగ్గర ఎవరుంటారు?"

మంచం మీద బట్టలు మడతపెడుతున్న అత్తగారు లేచి, కొడుకు కుర్చీని కోడలి వెనక్కి జరిపింది. ఆమె కూర్చుంది. భర్త మొహంలోకి చూస్తూ, మెల్లగా, కోపమేమీ లేకుండా చెప్పింది.

"మీరుండండి. బ్యాటరీలైతే తట్టుకోలేవట. మనుషులకేం కాదు, నేను చూశాను."