సీతమ్మ చీరకు తగిలిన గాలి

నేతవీధిలో పెద్దసుబ్బయ్య ఇల్లూ, కిరాణా అంగడి చంద్రమోహన్ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. కట్టేటప్పుడే రెండు ఇళ్ల మరుగుదొడ్లకూ కలిపి ఒకే పైపు, ఒకే గుంత పెట్టించారు. గుంతలోని చెడ్డగాలి పోయేందుకు ఒక గొట్టం గోడ వెంబడి మిద్దె దాటి లేచింది. ఇన్నేళ్లుగా రెండిళ్ల వాళ్లూ కూరగిన్నెలు మార్చుకున్నారే గానీ ఆ గొట్టం సంగతి ఎవరూ తలుచుకోలేదు.

ఈమధ్య కంపు మొదలైంది. ఈ ఇంట్లో నీళ్లు పోస్తే ఆ ఇంట్లో గుడగుడమంటుంది. ఆ ఇంట్లో పోస్తే ఈ ఇంట్లో ముక్కు మూసుకోవాలి.

"పడుగు నూలుకు పట్టించి మిగిలిన గంజంతా మీరు దాంట్లోనే పోస్తాండారు సుబ్బయ్యన్నా. గడ్డకట్టి కూచోనుండాది," అంది చంద్రమోహన్ భార్య ప్రమీలారాణి.

"మా గంజి బర్రెలు తాగుతాయి తల్లీ. మీ అంగట్లో పుచ్చిన కందిపప్పు యాడికి పోతాందో ముందు చెప్పు!" అంది సుబ్బయ్య తల్లి సుబ్బరత్నమ్మ.

మాటకు మాట పెరిగి, పైపులు వేరు చేసుకుందామన్నాడు చంద్రమోహన్. సుబ్బయ్య ఇంటి కొత్త పైపు వీధిలోకి రావాలంటే మగ్గం గది తవ్వాలి, మగ్గం గుంత పూడ్చాలి. గుంతలో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం అది. గుంత పోతే మగ్గం విప్పాల్సిందే. దాని మీద ఒంటిమిట్ట కల్యాణానికి ఎవరో భక్తురాలు నేయమని చెప్పిన సీతమ్మ చీర సగంలో ఉంది.

సుబ్బయ్య మగ్గం పలకను అరచేత్తో నిమురుతూ కూర్చున్నాడు. అది చూసి కూతురు హేమావతికి అన్నం సయించలేదు. పదో తరగతికి వచ్చినా నలుగురిలో నోరు విప్పని పిల్ల.

పొద్దున్నే మేస్త్రీ ఓబుళేశు వీధి గుమ్మం ముందర గడ్డపారతో దిగాడు. ఆ తవ్వడం చూడలేక, నూలు ఆరిందో లేదో చూసే వంకతో హేమావతి మిద్దెక్కింది. పసుపు రంగు నూలు కట్టలు చిలపలు చిలపలుగా దండెం మీద మెరుస్తున్నాయి. పక్కనే గొట్టం. దాని మూతికి ప్లాస్టిక్ కవరు తొడిగి, నూలుతో చుట్టి బిగించి ఉంది. కవరు పూరీలా పొంగింది. వేలితో నొక్కితే సందులోంచి గుప్పున కంపు!

పైకి పోవాల్సిన గాలి దారిలేక ఇళ్లలోకి వస్తోందన్నమాట.

కింద గడ్డపార నేలకు తగిలింది. ఆమె పిట్టగోడ దగ్గరికి పరుగెత్తింది. ఇంకో దెబ్బ పడింది.

"ఓబుళేశన్నా, ఆపు!"

వీధంతా తలెత్తి చూసింది. అంత గొంతు తనకుందని ఆమెకే తెలియదు. ఇంక సిగ్గుపడి లాభం లేదని కవరు పీకేసింది.

"ప్రమీలత్తా, మీ ఇంట్లో నీళ్లు పోయి!"

"పోస్తే ఏమైతాదే?"

"పోసి చూడత్తా!"

బకెట్టు నీళ్లు పోశారు. అందరూ గోడకు చెవులు ఆనించారు. గుడగుడ లేదు.

"గొట్టానికి నోరు కట్టిందెవురప్పా?" అన్నాడు ఓబుళేశు.

"నేనే," అంది సుబ్బరత్నమ్మ, తప్పేముందన్నట్టు. "సీతమ్మ చీర మొదలైనప్పటి నుంచి నూలు ఆడనే ఆరేస్తాండా. దాని మీదికి దొడ్డి గాలి కొట్టనిస్తానా?"

ముందు ప్రమీలారాణి పకపకా నవ్వింది. "అవ్వా, ఆయమ్మకు మంచిగాలి పెట్టి, మాకా ఈ గాలి?"

గడ్డపార పక్కన పెట్టించి, గొట్టానికి ఇంకో ముక్క అతికించి పైకి పెంచమన్నాడు చంద్రమోహన్. సుబ్బయ్య గుంతలోకి కాళ్లు దించి మగ్గం ముందు కూర్చున్నాడు. ముసలామె మాత్రం మెట్ల మీద అడ్డంగా నిలబడింది.

"పెంచుకోండి. అయితే నూలు ఆరేదాకా మీ ఇంట్లో ఎవురూ దొడ్డికి పోకూడదు."

"అది నా చేతిలో ఉండే పనా అవ్వా?" అన్నాడు చంద్రమోహన్.

మిద్దె మీద హేమావతి నూలు చిలపలన్నీ రెండు చేతులా వాటేసుకుని, నవ్వు ఆపుకోలేక, ప్రమీలత్త వాళ్ల మిద్దె మీద గొట్టానికి దూరంగా ఉన్న దండేనికి మోసుకుపోయింది.