భయాలన్నీ పోగా మిగిలిన మూల

మా అమ్మాయి తనకో గది కావాలన్నప్పుడు నాకు భయం వెయ్యలేదు. ఆ గది తలుపుకి లోపల గడియ కావాలన్నప్పుడు వేసింది.

గదంటే పెద్దదేం కాదు. పాత సామాన్లు పడేసుకునే గది. మంచం, బల్ల వేస్తే మనిషి అడ్డంగా తిరిగి నడవాలి. అమ్మాయికి ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం వచ్చింది. వాషింగ్ మెషీన్లు పాడైనవాళ్లు ఫోన్ చేసి తిడితే, ఇది వినయంగా విని సర్దిచెప్పాలి. మొదటి మూడు నెలలూ చూసి, ఆ తరవాతే ఉద్యోగం ఖాయం చేస్తారట. హాల్లో కూర్చుని చేస్తుంటే నా గొంతు కూడా ఫోన్లో పడుతోంది. పడదూ మరి. ఒకావిడ నా కూతుర్ని అంతలేసి మాటలంటుంటే, "అవతల ఎవరే? ఆవిడకి పిల్లల్లేరా?" అని పక్కనుంచి అన్నాను. ఇంకోసారి దగ్గుమందు తాగావా అని అడిగాను. అంతే. మళ్లీ వెనక మాటలు వినిపిస్తే వేరే ఉద్యోగం వెతుక్కోమని వాళ్ల పై ఆవిడ చెప్పేసిందట.

"అందుకే గడియ కావాలమ్మా" అంది అమ్మాయి.

"లోపల కళ్లు తిరిగి పడిపోతే?"

"ఎందుకు తిరుగుతాయి?"

"కళ్లు ముందు చెప్పి తిరుగుతాయా? గది తీసుకో. గడియ మాటెత్తకు."

పేపరు చాటునుంచి మా ఆయన, "పెట్టించెయ్యవే. అంత భయమైతే బయట నేను కాపలా కూర్చుంటా" అన్నారు.

"మీరు కూర్చుంటే నిద్రపోతారు. అప్పుడు మిమ్మల్ని లేపడానికింకొకళ్లు కావాలి."

ఆ రోజుకి అమ్మాయి ఊరుకుంది. నేను తలుపు కొట్టకుండా లోపలికి రానని మాటిచ్చాను. ఆ మాట ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు.

మా తమ్ముడు ఇళ్లకి రంగులు వేస్తాడు. గది వాడే చేశాడు. అమ్మాయి ముదురు నీలం అడిగింది. చీకట్లో కూర్చుంటే మనసు దిగులు పట్టేస్తుందని నేను మీగడరంగు వేయించాను. అద్దం గోడకి బిగిస్తానంటే వద్దన్నాను, ఊడి కాలిమీద పడుతుందని. పుస్తకాల అరని తలకంటే కిందికి దింపించాను.

"అక్కా, ఆస్పత్రుల్లో కూడా ఇంత జాగ్రత్త ఉండదు" అన్నాడు వాడు.

"ఉండదు కాబట్టే జనం అక్కడ పోతున్నారు" అన్నాను.

చివరికి మంచం వచ్చింది. పాత టేకు మంచం, ఏనుగంత బరువు. ముందు కిటికీ కింద వేశారు. ఊచల్లోంచి ఎవడైనా చెయ్యి పెడితేనో అన్నాను.

"మనది మూడో అంతస్తక్కా. వాడికంత పొడుగు చెయ్యుంటే దొంగతనం దేనికి, సర్కస్‌లో చేరతాడు."

"జోకులాపి జరుపు."

గది మధ్యకి జరిపారు. సరిగ్గా ఫ్యాను కింద. ఆ ఫ్యాను తిరుగుతుంటే నా గుండె దానితోపాటే ఊగింది. జరపమన్నాను. ఎడమగోడకి చేర్చారు. దానిమీద అటక, అటకమీద ఇనప్పెట్టె. అది చూడగానే నేను నోరు తెరవకముందే అమ్మాయి అంది, "పెట్టె జారి పడితే అమ్మా?"

నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లకి నా రక్తం దాన్లో పలికింది. మా ఆయన వంక గర్వంగా చూశాను. ఆయన నుదురు కొట్టుకున్నారు.

కుడిగోడకి జరిపారు. అక్కడ స్విచ్‌బోర్డు. "నిద్రలో చెయ్యి తగిలి షాక్ కొడితే?" అని మళ్లీ అమ్మాయే అంది. "చూశారా, పిల్లకి ఎంత ముందుచూపో" అన్నాను నేను.

తమ్ముడు తువ్వాలుతో మెడ తుడుచుకుని, "ఇంక తలుపు వెనకాలే మిగిలింది. అదీ కాదంటే మంచాన్ని మెట్లమీద వేసుకోండి" అన్నాడు.

తలుపు వెనకాల వేశారు. అక్కడ పైన ఏమీ లేదు, పక్కన ఏమీ లేదు. తలుపు మాత్రం జానెడు తెరుచుకుని మంచానికి కొట్టుకుని ఆగిపోతోంది. నా కూతురు అగ్గిపుల్లలా ఉంటుంది, పక్కకి తిరిగి పిల్లిలా దూరిపోయింది. "బాగుందమ్మా, ఇలాగే ఉండనీ" అంది లోపల్నించి. నాకూ బాగానే ఉందనిపించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్న అమ్మాయి లోపల పనిలో ఉంది. తలుపు మెల్లగా కొట్టాను. పలకలేదు. ఇంకోసారి కొట్టాను. పలకలేదు. పలకలేదంటే పడిపోయిందనేగా అర్థం. తలుపు తోసి, మంచినీళ్ల గ్లాసుతో సహా దూరబోయాను. చెయ్యి వెళ్లింది, భుజం వెళ్లింది, తల వెళ్లింది. మిగతా నేను బయటే ఉండిపోయాను. ముందుకి పోను, వెనక్కి రాను.

అమ్మాయి నిక్షేపంగా ఉంది. కిటికీ దగ్గర బల్లముందు, నాకు వీపు పెట్టి కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అంటోంది. అరుద్దామని నోరు తెరిచి, ఉద్యోగం గుర్తొచ్చి మూసుకున్నాను. ఒక్క మాట నా నోట్లోంచి జారితే పిల్ల బతుకుతెరువు పోతుంది. ఊపిరి కూడా ముక్కుతో మెల్లగా పీల్చాను.

వెనకనుంచి మా ఆయన వచ్చారు. "ఇదేంటే, సగం ఇక్కడ సగం అక్కడ?" అన్నారు. కాలితో తన్నాను. అందలేదు. ఆయన నా మిగిలిన సగం చుట్టూ తిరిగి చూసి, పాపం అర్థం చేసుకుని, తమ్ముడికి ఫోన్ చెయ్యడానికి బాల్కనీలోకి వెళ్లారు. వాడు వచ్చేదాకా నేనలాగే ఉన్నాను. అవతలి మనిషి కూడా ఆ రోజే తీరుబడిగా తిట్టాడు.

ఫోన్ పెట్టేసి అమ్మాయి వెనక్కి తిరిగింది. నన్ను చూసి ముందు అదిరిపడింది, తరవాత నవ్వాపుకోలేక బల్లమీద వాలిపోయింది. తమ్ముడు వెనకనుంచి లాగి బయటపడేశాక, "అక్కా, ఆ సందులో పట్టేది నీ గొంతొక్కటే" అన్నాడు.

కూర్చుని భుజం రుద్దుకుంటుంటే అప్పుడు వెలిగింది నాకు. ఈ పిల్ల గ్లాసెడు నీళ్లిచ్చినా ఎందుకని వాదిస్తుంది. మంచం అన్నిసార్లు జరిపితే ఒక్కసారీ వాదించలేదు.

"కావాలనే చేశావు కదే?"

"నేనేం చేశాను? కిటికీ నువ్వే వద్దన్నావు, ఫ్యాను నువ్వే వద్దన్నావు."

"పెట్టె ఎవరన్నారు? స్విచ్‌బోర్డు ఎవరన్నారు?"

"నువ్వు ఎలాగూ అంటావు కదా, నీకెందుకు శ్రమని" అంది. మా తమ్ముడు హాలు గోడవైపు తిరిగి, ఎప్పుడో వేసిన రంగు ఆరిందో లేదో చూస్తున్నాడు. వాడూ కలిశాడన్నమాట.

కోపం రావాల్సింది, రాలేదు. దానికంటే ముందు భయం వచ్చింది. ఇదిప్పుడు లోపల పడిపోతే ఎత్తడానికి ఎవరు దూరతారు? ఆ మాటే అన్నాను.

"అదే నేనూ చెప్పేది" అంది అమ్మాయి, నా పక్కన కూర్చుని. "గడియైతే నాన్న ఒక్క తన్ను తంతే ఊడుతుంది. మంచాన్ని తన్నితే నాన్న కాలు ఊడుతుంది."

నా భయంతోనే నన్ను కట్టేసింది. ఏ భయం చిన్నదో చూసుకోవడం తప్ప దారి లేదు.

ఆ సాయంత్రం ఇనప సామాన్ల కొట్టుకి నేనే వెళ్లాను. కొట్టతను గడియలన్నీ బల్లమీద పరిచాడు. ఒక్కొక్కటీ లాగి చూశాను.

"ఒక్క తోపుకి ఊడిపోయేది లేదాండీ?"

అతను చేతిలో గడియ కింద పెట్టాడు. "అందరూ ఊడనిది అడుగుతారమ్మా."

"అందరికీ మా అమ్మాయి లేదు కదా."

పెట్టె అడుగునుంచి వేలెడు రేకు గడియ తీసిచ్చాడు. తమ్ముడు దాన్ని పొట్టి మేకులతో బిగించాడు, మంచాన్ని కిటికీ కిందకి లాగాడు. నేను ఊచలకి దోమతెర కొట్టించాను. పొడుగు చేతులవాడు వచ్చినా తెరలో చిక్కుకుంటాడు.

మూడు నెలలూ నిండిన రోజున వాళ్ల పై ఆవిడ ఫోన్ చేసింది. అమ్మాయి లోపల గడియ పెట్టుకుంది. నేను తలుపు దగ్గర నించున్నాను. "సరేనండీ... అలాగేనండీ..." అంటోంది. ఆ గొంతులో ఏడుపుందో నవ్వుందో తెలియలేదు. తరవాత చప్పుడు లేదు. ఉద్యోగంలోంచి తీసేశారేమో. తీసేస్తే కళ్లు తిరిగాయేమో. రేకు గడియే, భుజం ఆనిస్తే చాలు. ఆనించలేదు.

"అమ్మా" అంది లోపల్నించి. "తలుపు కింద నీ కాళ్లు కనిపిస్తున్నాయి."

"నావి కావు. మీ నాన్నవి."

"నాన్న పూల చెప్పులు ఎప్పట్నించి వేసుకుంటున్నాడు?"

ఒక కాలు వెనక్కి లాక్కున్నాను.

"ఖాయం చేశారమ్మా" అంది.

"గడియ తియ్యవే" అన్నాను.

"ఇంకో కాల్ వస్తోంది. అయ్యాక తీస్తా. నువ్వు వెళ్లు."

సరే వెళ్తున్నానని, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, కాళ్లు కనపడకుండా గోడవారకి జరిగి నించున్నాను.