సగం చొక్కా

ఇస్త్రీపెట్టె చొక్కా కుడిపక్క చేతి మీదుగా వెళ్లి గుండీల పట్టీ దగ్గర ఆగింది. ఇస్త్రీ చేసే ఆయన దాన్ని పక్కన నిలబెట్టి, చొక్కా మడిచేశాడు. మెడపట్టీ చూస్తే చాలు, మనిషి కోపిష్ఠో కాదో చెప్పేస్తానని గొప్పలు పోయే మనిషి.

చొక్కా కోసం వచ్చిన బడి మాస్టారు విప్పి చూసి, "ఎడంపక్క ఎవరు చేస్తారయ్యా, మీ తాతా?" అన్నాడు.

"మొత్తం చేశాను కదండీ!"

మాస్టారు చొక్కాను అటూ ఇటూ జరిపి చూపించాడు. కుడిసగం కాగితంలా ఉంది. ఎడమసగం నలిగి ముద్దయింది. ఎవరో తనను ఆటపట్టిస్తున్నారనుకున్నాడు ఆయన.

అక్క వచ్చి చొక్కా అందుకుంది. పెళ్లీ పెటాకులూ లేకుండా తమ్ముడినే కనిపెట్టుకుని ఉన్న మనిషి. ఆమధ్య తన కిడ్నీ కూడా ఇచ్చింది. దాన్ని ఒళ్లు తోసెయ్యకుండా ఆయన రోజూ మాత్రలు మింగుతున్నాడు. ఆ మాత్రలే ఒంట్లోని కాపలాను నిద్రపుచ్చాయట. ఎప్పటినుంచో నక్కి ఉన్న వైరస్ ఒకటి అదను చూసి మెదడుకు చేరి, అందులోని తెల్లపదార్థాన్ని తినేస్తోందని, ఎడంపక్క ఉన్నవి అందుకే ఆయన ధ్యాసలోకి రావట్లేదని నిన్న డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు ఆపితే ఒళ్లు దానితో పోరాడవచ్చు, కిడ్నీ మాత్రం పోవచ్చు. కళ్లు బాగానే కనిపిస్తుంటే జబ్బేమిటో ఆయనకు అంతుపట్టలేదు.

మధ్యాహ్నం అన్నం అయిపోయిందని లేవబోయాడు. అక్క పళ్లెం అటుదిటు తిప్పింది. మళ్లీ అన్నం.

"ఎప్పుడు పెట్టావక్కా?"

"ఇప్పుడేలే, తిను." ఆమె ముఖం తిప్పుకుంది. గిన్నె మీద మూత పెడుతూ, "మాత్రలు ఆపేద్దాంరా" అంది.

"నీ కిడ్నీ పోతుంది. అంత కోత పడి ఇస్తే పారేసుకోమంటావా?"

"నువ్వుండాలనే కదరా ఇచ్చింది!"

ఆయనకు భయమేసింది. కాస్త తెలిసినట్టే ఉంది, అంతలోనే జారిపోతోంది. సరేనన్నాడు. చిన్నప్పటినుంచీ ఏమీ తోచనప్పుడు అక్క మాటే ఆయన మాట.

సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్లే బండి వచ్చింది. అక్క సంచీలు సర్దే హడావిడిలో ఉండగానే ఆయన గబగబా ఎక్కి కూర్చున్నాడు.

"మాస్టారి చొక్కా రేపొచ్చి నేనే చేస్తా. నువ్వు ముట్టుకోకు" అన్నాడు.

మాత్రలు ఆపారు. ముందు కిడ్నీ పోయింది. తర్వాత మాట పడిపోయింది. ఒక ఉదయం అక్క దుప్పటి సరిచేస్తుండగా ఆయనా వెళ్లిపోయాడు.

అక్క ఒక్కతే ఇంటికి వచ్చింది. తాళం తీయబోతూ కిందికి చూసి, అక్కడే కూలబడి ఏడ్చింది. గుమ్మం పక్కన, మడమ దగ్గర అరిగి, దుమ్ము పట్టి, ఆయన ఎడమకాలి చెప్పు ఒక్కటే ఉంది.