గంగామణి ఒళ్లో చాట

నేను ఒక చాటను. బియ్యం చెరిగేదాన్ని కాదు, బీడీలు చుట్టేటప్పుడు ఒళ్లో పెట్టుకునేదాన్ని. మేదరి ఓదెలు వెదురు చీల్చి నన్ను అల్లి సంతలో పెడితే గంగామణి కొన్నది. ఒక పక్క తునికాకు, ఒక పక్క తంబాకు, మధ్యలో దారం. వాడకట్టు ఆడవాళ్లంతా ఆమె అరుగు మీదే కూర్చుని చుట్టేవారు. ఆమె కూతురు రవళి అందరి మధ్యా దూరి అల్లరి చేసేది.

ఊరికీ బడికీ మధ్య వాగు. వంతెన లేదు. ఓట్లప్పుడు నాయకులు వచ్చి కొబ్బరికాయ కొట్టి పోయారు, అంతే. ఒక వానాకాలం బడి నుంచి వస్తుంటే వరద తల్లీకూతుళ్లను లాక్కుపోయింది. గంగామణికి చెట్టుకొమ్మ దొరికింది. రవళి చెయ్యి ఆమె చేతిలోంచి జారిపోయింది. గంగామణి చెయ్యి పిడికిలై బిగుసుకుంది, చాలా రోజులు తెరుచుకోలేదు.

పట్నం నుంచి ఒక సారు వచ్చాడు. మనసులు బాగుచేస్తాడట. పంచాయతీ ముందు కుర్చీ వేయించి, మైకు ఇచ్చి, జరిగిందంతా చెప్పమన్నాడు. చెబితే బరువు దిగుతుందన్నాడు. ఫోటో దిగి వెళ్లిపోయాడు. బరువు ఇక్కడే ఉండిపోయింది. ఆనాటి నుంచి గంగామణి అన్నం ముట్టలేదు, లేస్తే వాగు వైపే నడిచేది.

పక్కింటి ముసలి సత్తవ్వ ఆమెను రెక్క పట్టి తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. నన్ను ఒళ్లో పెట్టింది.

"చుట్టకున్నా మంచిదే బిడ్డా. చాట వట్టుకొని మా నడుమ కూసో."

పొద్దుగూకేసరికి ఒక్కొక్కరూ తమ బీడీల్లోంచి గుప్పెడు తీసి నాలో వేసేవారు. ఆమె పని అలా పూర్తయ్యేది. ఎవరూ వాగు మాట అడగలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. తమ ఆడపిల్లల్ని అటు రానివ్వలేదు. రవళి పేరే ఎత్తలేదు. మంచికే అనుకున్నారు.

ఒకరోజు గంగామణి నన్ను విసిరికొట్టింది.

"నా బిడ్డ పేరు మీ నోట్ల ఎందుకస్తలేదు? నేనే సంపిన్ననుకుంటున్నరా?"

సత్తవ్వ పంటితో దారం తెంపింది.

"నీ బిడ్డనా? రవళి నా తంబాకు డబ్బల ఉప్పు కలిపింది. దాన్నెట్ల మరుస్తనే."

"నా కొత్త కత్తెరతోని మా కోడిపుంజు తోక కోసింది," అంది పక్కన ఆకు కత్తిరిస్తున్న యెల్లవ్వ. "మా ఆయన నా మీదనే ఒర్రిండు."

గంగామణి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. కింద పడ్డ బీడీలు ఏరడానికి పిడికిలి విప్పింది. ఆ సాయంత్రం ఒక బీడీ చుట్టింది.

"ఇది బీడీనా, తేలు కొండినా?" అని బీడీలు తీసుకుపోయే కంపెనీ మనిషి అవతల పారేశాడు. సత్తవ్వ దాన్ని తీసి ముట్టించుకుంది.

ఆమె బాగైపోయిందని రాసుకోకండి. వాన చప్పుడు వింటే ఆ చెయ్యి ఇప్పటికీ బిగుసుకుంటుంది. కంపెనీ మూతపడింది, ఆడవాళ్లు తలో దిక్కు కూలికి పోతున్నారు. నా అడుగు ఊడిపోయింది. అరుగు పక్కనే పెంటకుప్ప మీద పడి ఉన్నాను.

నిన్న వాన పట్టుకుంది. గంగామణి ఒక్కతే అరుగు మీద, పిడికిలి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోనెసంచి కప్పుకుని సత్తవ్వ వచ్చింది. వెనక యెల్లవ్వ. చేతుల్లో చాటలు లేవు, చుట్టడానికి ఆకు లేదు. అయినా చెరో పక్కన కూర్చున్నారు.

వంతెన ఇంకా రాలేదు.